మెలికలు లేని తీగ

కాయిల్ చుట్టే మేస్త్రిని ఎవరో లారీతో తొక్కించేశారు. ప్రాణం పోయేముందు ఆయన అన్నవి రెండే మాటలు: "మెలికలు లేవు."

"అర్థమేంటో కనుక్కో," అన్నాడు చీఫ్. "పదకొండింటికి ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో ఆ కాయిల్ బిగించిన కొత్త ఫర్నేస్ స్విచ్ ఆన్ చేస్తున్నారు. నీకున్నది యాభై నిమిషాలు. మూడో కంటికి తెలియకూడదు."

ఏజెంట్ నైంటీన్ వాచీ చూసుకున్నాడు. ఆ ఫర్నేస్ ఆపరేటర్ అతని సొంత చెల్లెలు. అన్నయ్య ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతాడని ఆ పిచ్చితల్లి నమ్మకం.

పెట్టుడు మీసం, నెరసిన విగ్గు, ఎలక్ట్రీషియన్ చొక్కా తగిలించుకుని ఫ్యాక్టరీ డిజైన్ రూమ్‌లో అడుగుపెట్టాడు. కంప్యూటర్ ముందు, ఇక్కడ డిజైనర్ వేషంలో ఉన్న మేడమ్ కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, రెండు దేశాల ఉద్యోగం!

"వాన పడేలా ఉందా?" కోడ్ అడిగాడు.

"గొడుగుంది, పట్టుకునేవాడే లేడు. ఈ సిమ్యులేషన్, అదే కంప్యూటర్ వేసిన లెక్క, చూడు. కాయిల్ వేడి డెబ్బై డిగ్రీలు దాటదు. పాస్."

"మరి మెలికలు?"

ఆమె నవ్వింది. "అబ్బో! కాయిల్‌లో వెంట్రుకల్లాంటి రాగితీగలు వెయ్యి. జడలా మెలేసి అల్లితేనే కరెంటు అన్నిట్లో సమానంగా పారుతుంది. వెయ్యీ విడివిడిగా లెక్కకట్టాలంటే కంప్యూటర్‌కి మూడు రోజులు. అందుకే అందరూ కట్టంతా ఒకే ముద్ద అనుకుని, సమానమేనని టిక్ పెట్టేస్తారు. నేనూ పెట్టాను."

"అల్లలేదా?"

"లేదు, అవతలి దేశంవాళ్ళు తిన్నగా పరిచి చుట్టించారు. కరెంటంతా కొన్ని తీగలమీదే. ఐదో నిమిషానికి అవి కాలిపోతాయి. పక్కనున్న నీళ్ళ గొట్టం పగిలి, కరిగిన ఇనుములో నీళ్ళు పడి ఫర్నేస్ పేలుతుంది. నలభై మంది పోతారు."

"నాకెందుకు చెబుతున్నావ్?"

"మీ ఆఫీసూ జీతమిస్తోందిగా," అని హ్యాండ్‌బ్యాగ్ ఊపుకుంటూ వెళ్ళిపోయింది మహాతల్లి.

అతను ట్రాన్స్‌మీటర్ నొక్కాడు. "ఆపించండి సార్!"

"ఏమని చెప్పి? రిపోర్టు పాస్ అయింది. మన గుట్టు బయటపడుతుంది. వీల్లేదు."

పదకొండు దాటి మూడు నిమిషాలు. అతను షెడ్‌లోకి పరిగెత్తాడు. పాత ఫర్నేస్‌లో కరిగించిన ఇనుమును అప్పటికే కొత్తదాంట్లో పోసేశారు. పైన ప్లాట్‌ఫామ్ మీద, ముఖానికి అద్దం తొడుక్కుని, చెల్లెలు. వేడిని పసిగట్టే పెన్ను కెమెరాలో చూశాడు. కాయిల్ అంచు తెల్లగా వెలిగిపోతోంది. సన్నగా పొగ మొదలైంది.

"ఎవడయ్యా నువ్వు? ఆగు!" ఎవరో అరిచారు.

ఎమర్జెన్సీ బటన్ మీద అతని పిడికిలి దిగింది. అప్పటికి ఐదో నిమిషానికి రెండు సెకన్లే తక్కువ.

ఫర్నేస్‌ను వంచే మోటార్‌తో సహా అన్నీ ఆగిపోయాయి. ఇనుమును బయటికి వంపే దారి లేక, అది ఉన్నచోటే బండగా గడ్డకట్టుకుపోయింది. అసలే నష్టాల్లో ఉన్న యజమాని సాయంత్రానికల్లా గేటుకు తాళం వేశాడు. కాలిన కాయిల్‌ను చీఫ్ మనుషులు గుట్టుగా ఎత్తుకుపోయి సీలు వేశారు. చిక్కిన సాక్ష్యం ఏ కోర్టుకూ వెళ్ళదు. మేడమ్ ఏ దేశంలో ఉందో దేవుడికే తెలియాలి.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు వంటగది గట్టుకు ఆనుకుని ఏడుస్తోంది.

"ఎవడో ముసలి ఎలక్ట్రీషియనట అన్నయ్యా, దరిద్రుడు! బుద్ధిలేక బటన్ నొక్కాడు. నలభై కుటుంబాలు వీధిన పడ్డాయి. కనిపిస్తే చెప్పుతో కొడతాను."

చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెప్పకుండానే గ్లాసులో మంచినీళ్ళు నింపాడు. చెల్లెలు బతికి ఉంది, తిడుతోంది. ఇంతకుమించి ఈ ఉద్యోగంలో గెలుపనేది ఉండదు.

"కొట్టాల్సిందేనమ్మా," అన్నాడు మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ. "ఒక్క దెబ్బతో మాత్రం వదిలిపెట్టకు."