నాగలి ముద్ర సబ్బు

పందొమ్మిది వందల యాభై రెండులో భైంసా నుంచి ఇచ్చోడకు దిగినప్పుడు అంబదాస్ దగ్గర ఒక ఎడ్లబండి, రెండు ఇనుప కాగులు, మామ సర్దిన మూడొందల నిజాం హాలీ సిక్కా రూపాయలు, ఒక బొంబాయి సబ్బుల కంపెనీ ఇచ్చిన ఏజెన్సీ కాగితం ఉన్నాయి. కంపెనీ సబ్బును చుట్టుపక్కల ఊళ్ల వారపు అంగళ్లకు చేరవేయడం ఒక పని. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఇప్పనూనె, కాస్టిక్ సోడా కలిపి కాచి, నాగలి ముద్ర కొట్టి సొంత బట్టల సబ్బు అమ్మడం రెండో పని.

ఆయన భయస్తుడు కాదు గాని, నష్టం ఏ దిక్కు నుంచి వస్తుందో ముందే చూసుకునే మనిషి. ఒక ఎద్దు పడిపోతే బండి ఆగకూడదని మూడో ఎద్దును మేపేవాడు. నూనెకు రెండు గానుగలు, సోడాకు రెండు దుకాణాలు పెట్టుకున్నాడు. అయినా దెబ్బ తగలనే తగిలింది. తమ సబ్బు పక్కనే సొంత సబ్బు పెట్టి అమ్ముతున్నాడని తొమ్మిదో ఏట కంపెనీ ఏజెన్సీ తీసేసింది. ఇక మిగిలింది నాగలి ముద్ర, అది నడిచే అయిదు అంగళ్లు.

ఏజెన్సీ పోయిన నాలుగు నెలలకు, ఆషాఢంలో ఒక పొద్దున అంబదాస్ జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏందే గంగూ, పప్పుల ఉప్పేసినవా, ఉప్పుల పప్పేసినవా?"

"నాకు మంచిగనే ఉన్నది," అంది భార్య గంగుబాయి పొయ్యి దగ్గర నుంచి. "ఏజెన్సీ పోయిన్నాటి నుంచి నీ నోరే కరాబైంది."

పదిహేనేళ్ల కూతురు నర్మద తల వంచుకుని చెంబెడు నీళ్లు తాగింది.

అప్పుడే వాకిట్లోంచి గొంతు వినిపించింది. "ఓ సావుకారి, జర బయటికి రా!"

చాకలి భూమవ్వ. నాగలి ముద్ర సబ్బును ఊళ్లో అందరికన్నా ఎక్కువ కొనేది ఆమే. రెండు అరచేతులకూ గుడ్డలు చుట్టుకుని ఉంది. ఒకటి విప్పి చూపించింది. తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

"మీ సబ్బుకు మురికి పోలే గని నా తోలు పోయింది," అంది భూమవ్వ. "గుడిహత్నూర్ల మా ఆడిబిడ్డకు గూడ గిట్లనే. నేను గాబట్టి ఇంటికొచ్చిన. గామె అంగట్ల నిలబడి నలుగురికి చెప్తుంది."

సగం అరిగిన సబ్బు కడ్డీని గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

సోడా ఎక్కువైందని అంబదాస్‌కు చూడగానే తెలిసింది. కాగు దించే ముందు కొంచెం సబ్బు తీసి నాలుక కొసకు ఆనించి చూడాలి. చురుక్కుమంటే ఇంకా నూనె పోసి కాచాలి. మొదటి రోజు నుంచీ ఆ పని గంగుబాయిదే. ఆమె "ఊ" అంటేనే కాగు దిగేది.

"పోయిన వారం కాగు నాలుకకు పెట్టి సూసినవా?"

"సూసిన."

"సూస్తే గిట్లెందుకైతది? పక్కింటి చంద్రవ్వతోని ముచ్చట్లల్ల పడి ఊకెనే ఊ అన్నవా? ఉన్నదొక్కటే ఆధారం! అయిదు అంగళ్లల్ల పేరు ఒక్క కాగుల పోసినవ్. రేపటినుంచి ఏం తింటం, గా మసిగుడ్డ తింటమా?"

గంగుబాయి రొట్టె తిప్పుతూనే ఉంది. పెనం మీద రొట్టె మాడుతోంది.

"బాపూ, అరవకు," అంది నర్మద. "అవ్వ నాలుకకు రుచి తెలుస్తలే."

"నువ్వూకో నర్మదా," అంది తల్లి.

"ఎందుకూకోవాలె? హోళీ నాటి నుంచి ఉప్పు తెల్వది, కారం తెల్వది. రోజు కూర నేనే రుచి సూస్త. ఇయ్యాల లేటుగ లేసిన, గందుకే గట్లున్నది. కాగు గూడ నేనే సూస్తనంటే ఒద్దన్నది."

అంబదాస్ భార్య వైపు తిరిగాడు. "మరి సబ్బు ఎట్ల సూసినవే గిన్ని రోజులు?"

"వాసన పట్టి, వేలు పెట్టి," అంది గంగుబాయి. "నాలుగు నెలలు తప్పు పోలే. గీ ఒక్కటి పోయింది."

"నాకొక్క మాట చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? ఏజెన్సీ పోయిందని నువ్వు అన్నమే తింటలేవు. ఇగ గిది గూడ పోయిందని చెప్తే ఏమైపోదువు?" ఆమె మొదటిసారి గొంతు పెంచింది. "పిల్లదాని నోటికి సోడా తగలనియ్య. నా నాలుకంటే ఇచ్చిన, అయిపోయింది."

అంబదాస్ అరుగు మీద కూర్చున్నాడు. వారానికి రెండు కాగులు, కాగుకు మూడు నాలుగు సార్లు, తొమ్మిదేళ్లు. మనసులో గుణించడం మొదలుపెట్టి సగంలో ఆపేశాడు. లెక్క రాక కాదు. ఎద్దుకు బదులు ఎద్దును పెట్టుకున్న మనిషి, ఆ నాలుకకు బదులు ఏదని ఏనాడూ అడగలేదు.

మరునాటి నుంచి బండి కట్టుకుని తనే అయిదు అంగళ్లూ తిరిగాడు. కొన్నవాళ్ల దగ్గర కడ్డీలు వెనక్కి తీసుకుని అంతకుముందు కాచిన మంచి సరుకు ఇచ్చాడు. గుడిహత్నూర్‌లో భూమవ్వ ఆడబిడ్డ అందరి ముందూ తిట్టింది. నిలబడి విన్నాడు.

తరువాత గంగుబాయిని ఆదిలాబాద్ డాక్టర్‌కు చూపించాడు. రుచి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, సోడా మాత్రం మళ్లీ నాలుకకు తగలనియ్యొద్దన్నాడు డాక్టర్. ఆ పరీక్ష సంగతి విని విసుక్కున్నాడు కూడా.

"నాలుకెందుకయ్యా? మందుల దుకాణంలో ఒక సీసా దొరుకుతుంది, మూడు రూపాయలు. రెండు చుక్కలు వేస్తే, సోడా మిగిలిన సబ్బు గులాబీ రంగు తేలుతుంది."

అంబదాస్ సీసా కొన్నాడు.

వాపసు వచ్చిన కడ్డీలను నూనె పోసి మళ్లీ కాచిన రోజున, నర్మద చుక్కలు వేయబోతుంటే ఆగమన్నాడు. కొంచెం సబ్బు తీసుకున్నాడు.

"సీసా ఉన్నది గదా, నీకెందుకు?" అంది గంగుబాయి.

"ఒక్కసారి."

నాలుకకు ఆనించగానే ఎగిరి కుండ దగ్గరికి పరిగెత్తాడు. నాలుగు చెంబులు పుక్కిలించినా మంట తగ్గలేదు. గంగుబాయికి నవ్వొచ్చింది.

"గిట్లనే ఉంటదానే?" అన్నాడు, మాట సరిగ్గా తిరగక.

"మొదటి ఏడాది గిట్లనే ఉంటది," అంది ఆమె. "ఆ తర్వాత అలవాటైతది."

అంబదాస్ కళ్లలో నీళ్లు నిండాయి. మంటకేనని గంగుబాయి అనుకోలేదు.

దీపావళికి లెక్క చూస్తే, అయిదు అంగళ్లలో రెండు చోట్ల బేరం తిరిగి రాలేదు. వాపసు సరుకు ఖర్చుకు మూడో ఎద్దు అమ్ముడుపోయింది. లెక్కల పుస్తకంలో లాభం కింద రాయడానికి ఏమీ లేక ఆ గడి ఖాళీగా ఉంచాడు. కార్తీకం చివర్లో ఒకనాడు గంగుబాయి చారు నోట్లో పోసుకుని, ఒక్క క్షణం ఆగి, "జర పులుపున్నది," అంది. నర్మద చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

అంబదాస్ లేచి వెళ్లి, ఖాళీగా ఉన్న ఆ లాభం గడిలో ఆ మాటే రాసుకున్నాడు.