దారంతో కొలిచిన నీడ

మా రొమేనియా కొండపల్లెల్లో మనిషి ఎలాంటివాడని ఎవరూ అడగరు. ఇల్లెన్ని అంతస్తులని అడుగుతారు. గవ్రీల్ పదకొండేళ్ళు పారిస్‌లో కాంక్రీటు మోసి వచ్చాడు. ఎదురింటివాళ్ళు రెండంతస్తులు వేశారని తను మూడు మొదలుపెట్టాడు. ఉండేది ముగ్గురు: అతను, భార్య సవేతా, ఐదేళ్ళ కూతురు రోదీకా. పడుకునేది మాత్రం వెనకున్న పాత వంటగదిలోనే. కొత్త గదులు మాసిపోతాయట!

కానీ దక్షిణపు గోడ నిలవలేదు. రెండుసార్లు కట్టారు. రెండుసార్లూ కూలింది.

"ఈ గోడకి కాపలా కావాలి తల్లీ," అన్నాడు ముసలి మేస్త్రీ ఒనూత్స్ సవేతాతో, గొంతు తగ్గించి. "మనిషి నీడని దారంతో కొలిచి పట్టుకురా. పాదం నుంచి తల దాకా. గోడలో పెట్టేస్తా. కొలిచేటప్పుడు తలెత్తి మొహం మాత్రం చూడకు. చూస్తే పని చెయ్యదు."

"మరి ఆ మనిషి?"

"నలభై రోజుల్లో ప్రాణం పోతుంది... ఆ తర్వాత ఆ నీడ ఈ ఇంటినే కాస్తూ ఉంటుంది."

సవేతాకి ఆ మాట గుచ్చుకుంది. కానీ ఆదివారం చర్చి ముందు ఎదురింటావిడ "మీ గోడ ఇంకా లేవలేదా?" అని నవ్విన నవ్వు అంతకన్నా గట్టిగా గుచ్చుకుంది.

ఎవరి నీడ? పక్కింటి పరస్కీవాది. మొగుడు పోయినా గుర్రంలా పనిచేసే మనిషి. సవేతా జ్వరంతో పడుంటే నెల్లాళ్ళు సూపు కాచి తాగించింది. రోదీకాని చంక దించకుండా పెంచింది. కానీ ఏం లాభం? పోతే ఏడ్చేవాళ్ళు లేరు. సవేతాకి కావలసింది అలాంటి మనిషే.

పొద్దు వాలే వేళ పరస్కీవా తన పెరట్లో చెర్రీలు కోస్తోంది. ఆకుల నీడల మధ్య ఆమె నీడ గడ్డి మీద పొడుగ్గా పడింది. సవేతా తల దించుకుని, మోచేతుల మీద పాకింది. తడి గడ్డి వాసన, మగ్గిన పండ్ల వాసన. దారం పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా పరిచి, ముడి వేసింది. జుట్టు మీద ఏదో టప్పున పడింది. తీసి చూస్తే చెర్రీ గింజ, తడిగా ఉంది. చెట్టు మీంచి రాలిందనుకుని విసిరేసింది.

ఒనూత్స్ దారాన్ని గోడలో పెట్టి సిమెంటు మెత్తాడు. అప్పుడే రోదీకా మూతంతా ఎర్రగా చేసుకుని పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా! నువ్వు గడ్డిలో పాకుతుంటే చూశా! నీ నెత్తి మీద గింజ ఉమ్మింది నేనే! దాగుడుమూతలని పరస్కీవా పెద్దమ్మకి చెప్పలేదులే."

"ఎక్కడున్నావే నువ్వు?"

"పెద్దమ్మ భుజాల మీద!"

సవేతా గోడ వైపు తిరిగింది. అయితే... ఆ నీడకున్న తల... రోదీకాది!

"మేస్త్రీ, తీసెయ్! తీసెయ్ దాన్ని!"

"ఇప్పుడైతే చేత్తోనే వస్తుంది," అన్నాడు ఒనూత్స్. "కానీ గోడ మళ్ళీ పడుతుంది."

"మతి పోయిందటే నీకు?" గవ్రీల్ పళ్ళు నూరాడు. "మూడోసారి కూలితే ఊళ్ళో తలెత్తుకు తిరగగలనా?"

సవేతా పచ్చి సిమెంటులో చెయ్యి దూర్చింది. వేళ్ళకి దారం కొస తగిలింది. లాగితే చాలు. అంతలో ఎదురింటి కిటికీ తెర కదిలింది. ఎవరో చూస్తున్నారు. నవ్వడానికే.

నీడ పరస్కీవాదే కదా, పిల్ల ఊరికే పైన కూర్చుందంతే కదా... అనుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. గుంట కనబడకుండా తన అరచేత్తోనే నున్నగా పామింది.

గోడ నిలిచింది. పరస్కీవా చిక్కిపోయింది. నలభయ్యో రోజు తెల్లారేసరికి చచ్చిపోయింది. రోదీకాకి జలుబైనా రాలేదు. హమ్మయ్య అనుకుంది సవేతా. నిజంగానే అనుకుంది, సిగ్గు లేకుండా.

తర్వాతి ఆదివారం గృహప్రవేశం. ప్లమ్ సారా, వేయించిన మాంసం, ఊరంతా పెరట్లోనే. ఎదురింటావిడ మొహం మాడిపోయింది. సవేతాకి కడుపు నిండిపోయింది.

"ఫోటోకి రండి!" అని గవ్రీల్ అరిచాడు. మిట్టమధ్యాహ్నం. ఎవరి నీడ వాళ్ళ పాదాల కిందే ముడుచుకుని ఉంది. ఒక్క రోదీకాది తప్ప.

అది పొడుగ్గా ఉంది... పెరడంతా దాటింది... దక్షిణపు గోడ ఎక్కింది. దాని తల సరిగ్గా సవేతా అరచేత్తో పామిన చోట ఆగింది.

రోదీకా ఆమె గౌను లాగింది. చిన్నగా గుసగుసలాడింది.

"అమ్మా... పెద్దమ్మ నన్ను దించట్లేదే."

సవేతా కూతురి చెయ్యి పట్టుకుంది. మంచులా ఉంది.

అప్పుడే నెత్తి మీద టప్పున ఏదో పడింది. చెర్రీలు అయిపోయి నెల దాటింది. అక్కడ చెట్టూ లేదు. జారి అరచేతిలో పడ్డ ఆ గింజ తడిగా, వెచ్చగా ఉంది.

తలెత్తి చూడలేకపోయింది సవేతా.

"నవ్వవే!" అన్నాడు గవ్రీల్.