మలుపు దాకా చూసే మర్యాద

ఆ అమ్మాయి షాపు గుమ్మంలో నిలబడి నడుము వంచింది. వంచిన నడుము లేపలేదు.

మోటార్లు చుట్టే మేస్త్రీ తల ఎత్తి చూశాడు. ఆమె రెండు చేతుల్లో టేబుల్ ఫ్యాను. చూపు నేలమీద. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కరెంటుతో పదేళ్లుగా కాపురం చేస్తున్నవాడికి ఏమనిపిస్తుంది? షాకే! ఒక్క గెంతులో మెయిన్ స్విచ్ ఆపేసి, మూలనున్న కర్ర అందుకుని, "భయపడకండీ!" అని అరుస్తూ ఆమె చేతిమీద ఒక్కటిచ్చాడు.

ఫ్యాను కిందపడి మూడు ముక్కలైంది. పక్క షాపువాళ్లు ఏడు ముక్కలంటారు గానీ, వాళ్లది గోరంతలు కొండంతలు చేసే నోరు.

"ఏం మనిషండీ మీరు! దణ్ణం పెడితే కొడతారా?"

"దణ్ణమా? ప్లగ్గులో లేని ఫ్యాను షాక్ ఎలా కొట్టిందా అని నేనూ అనుకుంటున్నా..."

"అది జపాన్ దణ్ణం! రెండు చేతులతో ఇవ్వాలి, నడుము వంచాలి, మనసులో మూడు లెక్కపెట్టాలి. మీరు రెండు దగ్గరే కొట్టేశారు."

ఆమె నర్సు. షాపు పైన వాటాలో, బట్టలు కుట్టే పెద్దమ్మతో కలిసి ఆ వారమే అద్దెకి దిగింది. రెండు నెలల్లో జపాన్ వెళ్లాలి. అక్కడ ముసలివాళ్లని చూసుకునే ఇంట్లో ఉద్యోగం, మూడేళ్లు. వెళ్లేలోపు అక్కడి మర్యాదలన్నీ ఒంటికి పట్టాలి.

"కొట్టినందుకు శిక్ష ఏంటో తెలుసా? ఈ రెండు నెలలూ మీరే నాకు జపాన్ తాతగారు. రోజూ సాయంత్రం వస్తా. మీమీదే ప్రాక్టీసు."

"శిక్ష తగ్గించమని అడగొచ్చా?"

"అడగకూడదు."

"హమ్మయ్య" అనుకున్నాడు మేస్త్రీ. పైకి మాత్రం నిట్టూర్చాడు.

వీధిలో పేపరు వేసేవాడి దగ్గర్నుంచి ఇంటి ఓనరు దాకా అందరూ ఆమెని "సిస్టర్" అనే పిలిచేవాళ్లు. ఆ ఒక్క మాట మాత్రం ఎంత తన్నుకున్నా మేస్త్రీ నోటికి రాలేదు. "నర్సుగారూ" అనేవాడు. ఎందుకో వీధి చివర కుక్కకి కూడా అర్థమైంది, ఆమెకి తప్ప.

మొదటి పాఠం చెప్పులది.

"విప్పాక ముక్కులు వీధివైపుకి తిప్పి పెట్టాలి" అంది.

"ఎందుకు?"

"వెళ్లేటప్పుడు సులువుగా తొడుక్కుని వెళ్లిపోవడానికి."

"వచ్చీరాగానే వెళ్లిపోవడం గురించి ఆలోచించడం ఏం మర్యాదండీ?"

ఆమె నవ్వింది. కానీ రోజూ గుమ్మంలో ఆమె చెప్పులు వీధిని చూస్తూ కూర్చునేవి. మేస్త్రీ వాటిని పగవాళ్లని చూసినట్టు చూసేవాడు. ఒకరోజు ఆమె అటు తిరగ్గానే రెండింటినీ షాపులోకి చూసేట్టు తిప్పేశాడు.

"తాతగారూ, నా చెప్పులు ఎవరు తిప్పారు?"

"ఎలక."

"ఎంత ఎలక?"

"మోటార్లు చుట్టేంత."

రెండు పుల్లలతో తినే పాఠంలో మాత్రం ఆమె ఓడిపోయింది. అతను సన్న రాగితీగని వేళ్లతో ఆడించేవాడు, పుల్లలు ఒక లెక్కా? నేలమీద పడ్డ చిన్న స్క్రూని పుల్లలతో ఎత్తి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె రెండు చేతులూ చాచి అందుకుంది. ఆ స్క్రూని తిరిగి ఇవ్వలేదు. ఏ మోటారుదో, పాపం ఆ మోటారు ఇప్పటికీ గలగలలాడుతూనే ఉండి ఉంటుంది.

విరిగిన ఫ్యాను మాత్రం బాగవలేదు. పెద్దమ్మ రోజూ పైనుంచి కేకేసేది.

"ఏం మేస్త్రీ, నా ఫ్యాను?"

"రేపండీ పెద్దమ్మగారూ!"

"నీ రేపు పాడుగాను! ఇక్కడ చెమటకి దారం కూడా సూదిలోంచి జారిపోతోంది!"

ఫ్యాను బాగుచేసి ఇచ్చేస్తే శిక్ష కూడా తీరిపోయి, ఆమె రావడం మానేస్తుందేమోనని అతని భయం.

అన్నిటికంటే కష్టమైన పాఠం వానరోజున వచ్చింది.

"చుట్టాన్ని సాగనంపేటప్పుడు," అంది ఆమె గొడుగు విప్పుతూ, "చుట్టం కనుమరుగయ్యేదాకా ఇంటివాళ్లు గుమ్మంలోంచి కదలకూడదు. వెళ్లేవాళ్లు మలుపు దగ్గర వెనక్కి తిరిగి ఒకసారి వంగాలి. ఇప్పుడు నేను వెళ్తా. మీరు నిలబడండి."

ఆ వీధి ఉందే, గీత గీసినట్టు ఉంటుంది. ఈ చివర చీమ పాకితే ఆ చివరికి కనపడేది. ఆమె నడుస్తూ ఉంది. గొడుగు పళ్లెమంత అయింది, బిళ్లంత అయింది, బొట్టంత అయింది. మలుపు దగ్గర ఆగి, తిరిగి, వంగింది. అతను వంగాడు. లేచేసరికి మలుపులో వాన తప్ప ఎవరూ లేరు.

ఉత్తుత్తి వెళ్లడమే. రెండు నిమిషాల్లో తడిసిన గొడుగుతో తిరిగొచ్చి "ఎలా చేశాను?" అని అడిగింది. అయినా ఆ రెండు నిమిషాలూ మేస్త్రీ గుండె వేగం చూస్తే, దానికి తీగలు తగిలించి వీధంతా దీపాలు వెలిగించొచ్చు. ఈలోపు వార్నిష్ పూసి పొయ్యిమీద ఆరబెట్టిన మోటారు మాడి బొగ్గయింది.

ఆఖరి సాయంత్రం ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఇంకొక్క పాఠమే మిగిలింది. వాళ్లు ముఖంమీద 'కాదు, వద్దు' అనరు. పళ్లమధ్య నుంచి గాలి పీల్చి, తల కాస్త వంచి, 'అదీ... కొంచెం...' అని ఆపేస్తారు. మిగతాది ఎదుటివాళ్లే అర్థం చేసుకోవాలి. నేను అడుగుతా, మీరు చెప్పండి. తాతగారూ, ఈ కిటికీ మూసెయ్యనా?"

అతను గాలి పీల్చాడు. "అదీ... కొంచెం..."

"బాగుంది. టీవీ ఆపెయ్యనా?"

"అదీ... కొంచెం..."

ఆమె స్క్రూడ్రైవరు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. దానివైపే చూస్తూ అడిగింది.

"నేను వెళ్లిరానా?"

మేస్త్రీ గాలి పీల్చాడు. తల వంచాడు. "అదీ..." అన్నాడు. 'కొంచెం' అనే మాట రాలేదు. వంచిన తల లేవలేదు.

ఆమె ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు ఆగింది. "నూటికి నూరు" అని మెల్లగా చెప్పి, వీధివైపు తిరిగి ఉన్న చెప్పులు తొడుక్కుని మెట్లెక్కిపోయింది.

పాఠమనుకుందా? నిజమనుకుందా? మేస్త్రీకి తెల్లారేదాకా కన్ను మూతపడలేదు.

పొద్దున టాక్సీ వీధిలోకి పట్టక మలుపు దగ్గరే ఆగింది. అతను పెట్టె అందుకోబోయాడు.

"మీరు గుమ్మంలోనే ఉండాలి మేస్త్రీగారూ. రూలు" అంది ఆమె, ముఖంలోకి చూడకుండా.

పెట్టె చక్రాల చప్పుడు చిన్నదవుతూ పోయింది. ఆమె మలుపు దగ్గర ఆగింది. తిరిగింది. వంగింది. అతను వంగాడు. లేచి చూస్తే ఆమె అక్కడే ఉంది. మళ్లీ వంగింది. మళ్లీ వంగాడు. ఇలా ఎన్నిసార్లో! దారిన పోయేవాళ్లు ఏదో పోయిందేమోనని తామూ వంగి నేల వెతికారు.

పైనుంచి పెద్దమ్మ అరిచింది. "నడుములు విరగ్గొట్టుకుంటారా ఏంటి! అవతల విమానం పోతుందే!"

మేస్త్రీ జేబులో ఫోను మోగింది.

"లోపలికి వెళ్లండి" అంది ఆమె.

"మీరు కనపడుతుంటే వెళ్లకూడదని మీరే కదా చెప్పారు."

"మీరు నిలబడి ఉంటే నాకు కాలు కదలట్లేదు."

"మరి ఎలాగండీ?"

టాక్సీవాడు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు.

"నిన్న మీరన్నది పాఠమా?"

అతను మలుపు వైపు చూశాడు. అంత దూరంలో ఆమె కళ్లు కనపడవు. అయినా కనపడ్డాయి.

"గాలి పీల్చడం పాఠం. తల ఎత్తలేకపోవడం నాది."

"ఆ ముక్క రెండు నెలల క్రితం ఏడవొచ్చు కదా మేస్త్రీ! కర్రతో కొట్టడానికి లేని మొహమాటం దీనికెందుకయ్యా నీకు?" ఆమె గొంతులో నవ్వు, దానికింద తడి. "ఆ స్క్రూ నా దగ్గరే ఉంది. జపాన్ తీసుకెళ్తున్నా. ఇంతకన్నా తిన్నగా చెప్పడం నాకూ రాదు."

మేస్త్రీ గుమ్మాన్ని పట్టుకున్నాడు. పట్టుకోకపోతే పైకి లేచి కరెంటు తీగలకి తగిలేవాడు.

"మూడేళ్లు" అంది ఆమె.

"మోటార్లు చుట్టేవాడిని. చుట్లు లెక్కపెట్టడం నాకు కొత్తా? రోజుకో చుట్టు. వెయ్యిన్నీ తొంభై అయిదు. వెళ్లిరా."

"ఏదీ, ఒక్కసారి సిస్టర్ అను, వెళ్తా."

"చచ్చినా అనను."

అప్పుడు నవ్వింది ఆమె. ఆ నవ్వు ఫోనులోంచి కాదు, వీధంతా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇంకోసారి వంగి, టాక్సీ ఎక్కి, మలుపు తిరిగింది.

అతను గుమ్మంలోంచి కదల్లేదు. పైనుంచి పెద్దమ్మ ముక్కు చీది అడిగింది.

"అన్నీ విన్నాను అల్లుడూ. రోజుకో చుట్టు అన్నావు, ఏ మోటారుకి?"

మేస్త్రీ మెల్లగా తల తిప్పి, మూలనున్న విరిగిన ఫ్యాను వైపు చూశాడు.

"అంటే మూడేళ్లు నాకు గాలి లేదన్నమాట" అంది పెద్దమ్మ. "సరేలే. చుట్టు తప్పకు."

ఆ సాయంత్రమే షాపులోంచి వేరే ఫ్యాను పైకి చేరింది. మేస్త్రీ పనిబల్ల గుమ్మంలోకి జరిగింది, మలుపు కనపడేట్టు. రోజూ పొద్దున ఆ పాత ఫ్యాను మోటారుకి ఒక్కటంటే ఒక్కటే చుట్టు. వానరోజుల్లో మాత్రం చుట్టాక కూడా తీగ చివర వదలకుండా, మలుపు వైపు చూస్తూ చాలాసేపు కూర్చునేవాడు. ఊళ్లో వాళ్లు అతను మూడేళ్లూ నిలబడే ఉన్నాడని, భుజంమీద పిచ్చుక గూడు కట్టిందని చెప్పుకుంటారు. గూడు సంగతి అబద్ధమే కావచ్చు.

ఒకరోజు మలుపు దగ్గర ఎవరో ఆగి, నడుము వంచారు. వంచిన నడుము లేపలేదు. మేస్త్రీ మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తలేదు. వీధిలోకి పరుగెత్తాడు.

వచ్చాక ఆమె చెప్పులు విప్పి, ముక్కులు లోపలివైపుకి తిప్పి పెట్టింది.

ఆ ఫ్యాను ఇప్పుడు వాళ్లింట్లోనే ఉంది. మిగతా ఫ్యాన్లకంటే కాస్త తొందరగా తిరుగుతుంది. ఆమె ఆగలేక నెలరోజుల ముందే వచ్చేసింది మరి, మోటారులో ముప్పై చుట్లు తక్కువ.