కాటికాపరి గడ్డం

"నవ్వితే చంపేస్తాను" అంది మేకప్ వేసే డోరీన్. ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

నేను నవ్వాను. అప్పుడే అంటించిన రబ్బరు గడ్డం ఊడి ఒళ్లో పడింది.

"అయ్యా కాటికాపరి గారూ! జిగురు ఆరేదాకా నోరు కదపకూడదని తెలియదా? మళ్ళీ మొదట్నుంచీ!"

పిట్స్‌బర్గ్‌లో మా టీవీ స్టేషన్ ప్రతి శుక్రవారం 'తలుపు వెయ్యకండి' అని దయ్యాల సీరియల్ వేసేది. వారానికో కథ. కథకి ముందూ వెనకా ఒక ముసలి కాటికాపరి వచ్చి, వెకిలిగా నవ్వి, జనాన్ని భయపెట్టి పోతాడు. ఆ కాటికాపరిని నేనే. కథలు రాసినవాళ్ళకి పేరొచ్చింది, నాకు జిగురుతో దద్దుర్లొచ్చాయి. ఆ మొహం ఊరంతటికీ తెలుసు. దాని కింద ఉన్న లెన్ వోయ్చిక్‌కి మాత్రం బస్సులో ఎవరూ జరిగి చోటివ్వలేదు. ఎనిమిదో క్లాసులో బడి మానేసి మాంసం దుకాణంలో పార్సిళ్ళు మోసినవాడికి అంతకంటే ఏం దక్కుతుంది?

ఆ రబ్బరు మొహం అంటించడానికి పొద్దున్నంతా పట్టేది. నేను మాట్లాడకూడదు గనక డోరీనే మాట్లాడేది. వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పులు, మేడమీదావిడ పియానో, వాన పడితే కారే కిటికీ, అన్నీ నాకు తెలుసు. అవునంటే ఒక వేలు, కాదంటే రెండు వేళ్ళు చూపించాలని మా ఒప్పందం.

"నిన్న రాత్రి నన్ను తలుచుకున్నావా?" అనేది ఏడిపించడానికి. రెండు వేళ్ళు చూపించేవాణ్ణి. "అబద్ధాలకోరు!" అని కుంచెతో ముక్కు మీద కొట్టేది.

ఆ రోజు వాన. గడ్డం అంటించి, ఆరడానికి కాగితంతో విసురుతూ, నా వైపు చూడకుండా అంది:

"కాలిఫోర్నియాలో సినిమా స్టూడియో వాళ్ళు పనికి రమ్మన్నారు, లెన్. సాయంత్రంలోగా చెప్పాలి. వెళ్ళనా?"

కాగితం ఆగిపోయింది. ఆమె నా చేతి వైపే చూస్తోంది.

నాలాంటివాడు ఎవర్ని ఆపగలడు? ఒక వేలు ఎత్తాను.

"సరే" అంది. మళ్ళీ విసరడం మొదలుపెట్టింది. అంతే.

కెమెరా ముందు ఆ రోజు ఎంత క్రూరంగా నవ్వానంటే, డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం డోరీన్ నా మొహం ఊడదీస్తోంది. గబగబా లాగితే చర్మం కూడా వచ్చేస్తుంది గనక నూనె రాస్తూ నెమ్మదిగా తీయాలి. నుదురు వచ్చింది. ముక్కు వచ్చింది. జిగురు ఎప్పుడో ఆరింది, ఇప్పుడు నోరు కదపడానికి అడ్డేమీ లేదు.

గడ్డం ఒక అంచు లేచింది.

"డోరీన్, పొద్దున నేను ఎత్తింది రెండు వేళ్ళు."

"ఒకటే. నేను చూశాను."

"రెండోది లేవలేదు."

"ఏం, దానికేం రోగం?"

"భయం."

ఆమె చెయ్యి నా చెంప మీదే ఆగిపోయింది. "ఊరంతటినీ భయపెట్టేవాడివి!"

"ఆ పని వీడిది" అన్నాను, వేలాడుతున్న గడ్డం చూపిస్తూ. "వెళ్ళకు, డోరీన్. నీ మాటలు వినకపోతే నాకు పొద్దు గడవదు."

నూనె గిన్నె పక్కన పెట్టింది. అంచు శుభ్రంగా తుడిచింది. జిగురు సీసా తీసి, ఊడుతున్న గడ్డాన్ని మళ్ళీ అంటించింది.

"ఏం చేస్తున్నావ్?"

"నోరు కదపకు. ఆరాలి." నా మొహం దగ్గరగా వంగింది. "మధ్యాహ్నమే రానని ఫోన్ చేసేశాను. నీ వేలిని నమ్మేంత పిచ్చిదాన్నా? ఇప్పుడు సరిగ్గా చెప్పు. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఒక వేలు ఎత్తాను. చాలదేమోనని రెండో చేతి వేలు కూడా ఎత్తాను.

"ఏయ్, అది రెండు! రెండంటే కాదని!"

గడ్డం ఊడి ఒళ్లో పడింది.

"నవ్వావు" అంది డోరీన్. ఈసారి తిట్టలేదు.