పిడి ఊడిన కత్తి

నరసరావుపేటలో బస్సు దిగి దయామణి నేరుగా డిటెక్టివ్ ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సహాయకుడు శౌరి కుర్చీ జరిపినా ఆమె కూర్చోలేదు. కారంపూడి దగ్గర పల్లెలో కత్తిసాము గురువు రాఘవయ్య, ఉత్సవంలో తల చుట్టూ కత్తి తిప్పుతుండగా దాని ఇనప అలుగు పిడిలోంచి ఊడి ఆయన మెడమీదే పడిందట. ఊరంతా చూస్తుండగానే ప్రాణం పోయింది. ఆ కత్తులకు పదిహేనేళ్లుగా ఆముదం రాసి సానపట్టే ఆమె భర్త సామ్యేలును పోలీసులు పట్టుకుపోయారు.

"ఉరేస్తారంటన్నారు బాబూ. ఆ కత్తుల్ని మా ఆయన బిడ్డల్లాగా చూసుకునేవోడు."

ప్రైవేటు డిటెక్టివ్ గోపాలకృష్ణయ్య లేచి కండువా భుజాన వేసుకున్నాడు. కండువా వేశాడంటే కేసు ఒప్పుకున్నట్టేనని ఆరేళ్లుగా వెంట తిరుగుతున్న శౌరికి తెలుసు.

ఠాణాలో ఎస్సై కేసు తేలిపోయిందన్నట్టే మాట్లాడాడు. ఈసారి ఉత్సవంలో కళ్లకు గంతలు కట్టుకుని, ఒక్కగానొక్క కొడుకు అంకారావు గొంతుమీద నిమ్మకాయ పెట్టి నరుకుతానని రాఘవయ్య చాటించాడు. పిల్లాడి ప్రాణంతో ఆటలేంటని సామ్యేలు పదిమందిలో ఎదురు తిరిగాడు. రాఘవయ్య అతన్ని చెంపమీద కొట్టాడు. పగకు అంతకన్నా కారణం ఏం కావాలన్నాడు ఎస్సై.

"పిడి ఎట్లా బిగిస్తారు?" గోపాలకృష్ణయ్య లాకప్పులో ఉన్న సామ్యేలును అడిగాడు.

"లోపల లక్క కరిగించి పోసి, అలుగు ఎనక కొస దించుతామండీ. ఆరితే రాయే. పూజ ముందురోజు అలుగుకు చానా ఆముదం పట్టించి, పిడి గుంజి చూసి, ఒరలో దించి గురువుగారింట్లో అప్పజెప్పా. పూజయ్యాక బరిలోకి దిగిందాకా ఒరలోంచి దియ్యగూడదు. గురువైనా సరే."

గోపాలకృష్ణయ్య ఎస్సై బల్లమీదున్న కత్తి తీసుకుని, అలుగు వెనక కొసకు అంటుకున్న ఎర్రటి ముద్దను గోటితో నొక్కి శౌరికి చూపించాడు.

"లక్కే గదండీ," అన్నాడు శౌరి, పెద్ద పరిశోధకుడిలా.

"లక్కయితే పెళ్లున విరగాలి. దీనిమీద గోరు దిగింది చూడు."

శౌరి ఒంగి ఆ గోటి గుర్తును చూశాడు.

రాఘవయ్య పోయి అది తొమ్మిదో రోజు. ఆయన ఇంట్లో బంధువులు నిండి ఉన్నారు. పదోరోజు తీసేసే బొట్టు గనుక, ఆయన భార్య బసవమ్మ నుదుట ఆడవాళ్లు రూపాయి కాసంత కుంకుమ పెట్టారు. దాన్ని చూడలేక శౌరి తల తిప్పుకున్నాడు. ఎస్సై సామ్యేలును తీసుకొచ్చాడు, వెనకే దయామణి వచ్చింది. అంకారావు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎవరో పిడిని వేడినీళ్లలో పెట్టి లక్క తీసేసి, మైనం కూరారు," అన్నాడు గోపాలకృష్ణయ్య. "సామ్యేలుకు లక్క కొదవలేదు, మైనంతో పనిలేదు. పైగా ఈ మైనంలో కుంకుమ కలిసింది. చంపాలని చేసిన పని కాదిది. బరిలో కత్తి దూయబోతే అలుగు ఒరలోనే ఉండిపోయి, ఉత్త పిడి చేతికి రావాలి. జనం నవ్వాలి, నిమ్మకాయ ఆట ఆగిపోవాలి. కానీ సామ్యేలు పట్టించిన ఆముదానికి అలుగు ఒరలోంచి జారి పిడితోపాటే వచ్చేసింది. గిర్రున తిప్పేదాకా ఊడలేదు. అమ్మా, మీ కుంకుమ భరిణె ఇటిస్తారా?"

సామ్యేలు తన చేతులకేసి చూసుకున్నాడు. భర్తను పోగొట్టుకున్న మనిషే ఈ పని చేసి ఉంటుందని శౌరి కలలో కూడా అనుకోలేదు.

బసవమ్మ భరిణె తెచ్చి మూత తీసింది. బొట్టు కింద అద్దే మైనం అరలో, అడుగంటా గీకిన గుర్తులున్నాయి.

"కాళ్లు పట్టుకున్నా ఆయన ఇనలా," అంది. "బిడ్డ గొంతు మీద కత్తి. ఏం జెయ్యను? నా బొట్టు మైనంతోటే నా బొట్టు జెరుపుకున్నా." సామ్యేలు వైపు తిరిగింది. "రోజూ చెబుదామనే అనుకున్నా తమ్ముడా. నోరు రాలా."

దయామణి మొహం చేతుల్లో దాచుకుంది.

"నేను ఒప్పుకున్నా గదమ్మా," అన్నాడు అంకారావు నెమ్మదిగా. "నాకు బయం లేదని నేనే ఒప్పుకున్నా."

"నాకుందిరా," అంది బసవమ్మ.

రేపటిదాకా ఉంచవలసిన బొట్టును కొంగుతో తుడిచేసుకుని, ఆమె ఎస్సై ముందు నడిచింది.