దొరసాని మలుపులో రెండు పిలుపులు

పుదుచ్చేరికి దక్షిణాన ఏరు సముద్రంలో కలవబోయే ముందు మడ అడవిలో దూరి, ఒకచోట గిరుక్కున తిరుగుతుంది. దాన్ని దొరసాని మలుపంటారు. ఫ్రెంచివాళ్ల కాలంలో అక్కడ మునిగిపోయిన దొరసాని దీపాలు పెట్టే వేళకి నీళ్లమీద తిరుగుతుందట. తెల్లబట్టలు కనిపిస్తాయి గానీ... తల ఉండదట. పక్షుల్ని కాపాడాలని అడవిశాఖవాళ్లు ఆ మడలోకి ఎవరూ రాకూడదని బోర్డు పెట్టారు. అది దొరసానికి భయపడి పెట్టిందేనని జనం తేల్చేశారు.

డెబ్బై ఎనిమిదిలో, బజారులో నూనె కొట్టు నడిపే సీతాపతి ఆ మలుపుకు ఒంటరిగా తెప్పమీద బయల్దేరాడు. ధైర్యం ఎక్కువై కాదు. మేనమామ నాగేశ్వరయ్య కూతురు వసంతకుమారి, "చీకటి పడితే పెరట్లోకి పోయేదానికి తోడడిగే బావ నాకు వొద్దు," అనేసింది. ఆ పిల్లంటే అతనికి ప్రాణం. "దొరసాని మలుపు దాటి వస్తా, చూడు," అని నోరు జారాడు. ఆ నోటిని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఈ కథ చెబుతాడు.

తెప్ప అంటే అదేం తెప్ప... ఖాళీ నూనె డబ్బాలకు మూతలు బిగించి, పైన పలకలు కట్టాడు. కట్టేటప్పుడు తాడు కొస పట్టుకుని నవ్వింది వసంతకుమారే. ఆటు వేళ నీళ్లే తెప్పను సముద్రం వైపు తోసుకుపోతాయని అతని లెక్క. లెక్క బాగానే ఉంది. డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఖణేల్‌మంటాయని మాత్రం తోచలేదు.

పొద్దు గుంకింది. కొంగలు సద్దుమణిగాయి. మలుపు వచ్చింది —

"సీతాపతీ..."

చెట్లలోంచి. బొంగురుగా.

అతను పలకబోయి ఆగాడు. వాళ్లిళ్లలో పిల్లలకు ఉగ్గుపాలతో నేర్పే మాట ఒకటుంది. చీకట్లో ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారి పిలిచేది మనిషే.

పళ్లు బిగబట్టాడు.

"సీతాపతీ... చెయ్యి ఇయ్యరా..."

ఇది రెండోది. మూడోదాని కోసం చెవులు రిక్కించాడు... రాలేదు.

సీతాపతి పంచె విప్పి నెత్తిమీంచి కప్పుకున్నాడు. మోకాళ్ల మధ్య తల దూర్చి, తెలిసిన దేవుళ్లందరినీ తలా మూడుసార్లు పిలిచాడు. ఏ దేవుడూ అనుమానపడకూడదని. డబ్బాలు వాటి మోత అవి మోగిస్తూనే ఉన్నాయి. తెప్ప తనంతట తానే మలుపు దాటి, జాలర్ల రేవులో ఇసుకకు తగులుకుంది. ఆ దాటడంలో అతని ప్రమేయం ఏమీ లేదు.

మర్నాడు పొద్దున రొమ్ము విరుచుకుని మూలకుళంలో మామ ఇంటికి వెళ్లాడు. నాగేశ్వరయ్య మంచంమీద ఉన్నాడు. కాలికి పసుపు పట్టు వేసి ఉంది.

"నీకేమన్నా అయితే ఎట్టా అని గట్టెంబడి వచ్చినానురా," అన్నాడు మామ గొంతు తగ్గించి. "కాలు బురదలో దిగబడిపోయింది. చప్పుడు విని నువ్వేననుకోని రెండుసార్లు పిలిస్తిని. మూడోసారి నోరు తెరిచేలోపల... కనపడిందిరా. తెల్లగా... తల లేదు. సంకెళ్లు మోగించుకుంటా నీళ్లమీద పోతావుండాది. నోరు పడిపోయింది నాకు. జాలరోళ్లు వచ్చి లాగినారు. నువ్వు ముందే దాటేసుంటావు. మొగోడివిరా."

సీతాపతికి సిగ్గుతో చెవులు కాలాయి. చెయ్యి ఇమ్మని అడిగిన మామను బురదలో వదిలేసి వచ్చాడు. నిజం చెబితే పిల్ల దక్కదు. చెప్పకపోతే మామ మొహం చూడలేడు.

"బావా..." వంటింటి తలుపు చాటునుంచి వినిపించింది.

అతను కదల్లేదు.

"బావా..."

వేళ్లమీద రెండు లెక్కపెట్టాడు.

"బావా. మూడు అయినాయి. మనిషినే, రా."

వెళ్లాడు. ఆమె కళ్లలోకి చూడకుండా, "ఆ తల లేనిది నేనే," అన్నాడు మెల్లగా. "మీ నాయనకు నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

"ఏందీ, డబ్బాలకు తాడు పట్టుకున్న నాకు ఆ సంకెళ్లేందో తెలీదా?" కొంగు నోట్లో కుక్కుకుని ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత పెరటి తలుపు గడియ తీసింది.

"పెరట్లోకి పోతావుండాను బావా," అంది. "తోడు రా."

బయట ఎండ చిటపటలాడుతోంది.