కొలవని పొర

కింద దుకాణం షట్టరు ఎత్తకముందే, కళ్ళజోళ్ళాయన మేడమీద కూతురి కుడికంట్లో మందుచుక్కలు వేశాడు. ముప్ఫై ఏళ్ళుగా అద్దాలు అమ్ముతున్న మనిషి. గిరాకీ గుమ్మంలో కాలు పెట్టే తీరు చూసే పవరెంతో చెప్పేయగలడు.

"దీపాలు ఎన్ని కనిపిస్తున్నాయమ్మా?"

"ఉన్నది ఒకటి, కనిపించేవి మూడు. నిన్నా అంతే. బేరం నిలకడగా ఉంది నాన్నా."

ఆయనకు నవ్వు రాలేదు.

రైలింజను నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గింది పిల్ల. కళ్ళజోడు ఉంటే తీసుకోరు. అందుకే లేజరు. చేసింది సొంత అన్నే, కంటి డాక్టరు. కంటిగుడ్డు ముందుండే గాజుపొరను పలచటి మూతలా కోసి, పైకి మడిచి, అడుగున లేజరుతో చెక్కి, మళ్ళీ మూత మూయాలి. కుడికన్ను అయ్యాక, ఎడమకంటి మీద యంత్రం పట్టు నిలవకపోవడంతో అది వాయిదా పడింది. నెల తిరిగేసరికి కుడికంటి పొర ముందుకు ఉబ్బసాగింది. ఎడమకన్ను ఈ ఉదయం పదకొండింటికి పెద్ద డాక్టరు చేస్తారు.

కొడుకు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "బయల్దేరదామా చిన్నీ? ఈసారి బ్లేడు కాదు, మూత కూడా లేజరే కోస్తుంది. చెయ్యి కూడా నాది కాదు."

"మూత మందం నూటపది మైక్రాన్లని చెప్పి నూటడెబ్భై కోశావు!" తండ్రి గొంతు లేచింది. "వెంట్రుకవాసి తేడా అని ఊరికే అంటారనుకున్నాను. నువ్వు చేసి చూపించావు."

"బ్లేడు పెట్టె మీద నూటపది అనే ఉంది నాన్నా."

"మూట మీద రాసిన తూకం నమ్మి ఎవడైనా సరుకు దింపుకుంటాడట్రా?"

"మూత ఎత్తాక అడుగున ఎంత మిగిలిందో కొలిచి, అప్పుడు చెక్కాలి. వందల కళ్ళు చేశాను, ఎప్పుడూ తేడా రాలేదు. కొలవలేదు." కొడుకు తల దించుకున్నాడు. "ఇక ఆపరేషన్లు చేయనని ఆసుపత్రికి రాసిచ్చేశాను."

"మరేం చేస్తావన్నయ్యా, కింద కూర్చుని అద్దాలు తుడుస్తావా?" అంది చెల్లెలు. "అది సరే, ఎడమకన్నుకి భయం లేదన్నారుగా?"

"లేదన్నారు. మూత మందమై కుడికన్ను దెబ్బతింది తప్ప, నీ కన్ను స్వతహాగా గట్టిదేనట. రెండేళ్ళుగా పవరు కదల్లేదని నాన్న దుకాణంలో రాసిచ్చిన కార్డు ఉందిగా."

కళ్ళజోళ్ళాయన మందుసీసాకు మూత బిగించి పక్కన పెట్టాడు. ఏటేటా పవరు పెరిగే కన్ను మెత్తటి కన్ను కావచ్చు. దాని మీద లేజరు పెట్టకూడదు. అది తెలిసీ, పిల్ల ఉద్యోగం పోతుందని, ముప్పావు పాయింటు తరుగు కింద పోతుందిలే అని, ఇప్పటి అంకెనే కార్డులో పాత తేదీలకూ రాశాడు. ఈ నెలరోజులూ కొడుకును తిట్టిన తిట్లన్నీ ఆ అంకె మీద కప్పిన గుడ్డ.

"ఆగండి," అన్నాడు. "ఎడమకన్ను ముట్టుకోనివ్వొద్దు. ఆ కార్డు అబద్ధం."



"ఎంత పెరిగింది?" కూతురు అడిగింది.

"ఏడాదికి ముప్పావు. రెండు కళ్ళకూ."

"నాకు నెలరోజులుగా నిద్ర లేదు నాన్నా," అన్నాడు కొడుకు.

"కొలవకపోవడం నీ తప్పే. కొలిచీ దాచడం నాది. నాదే పెద్దదిరా."

"అంటే నా రైలు వెళ్ళిపోయినట్టే," అంది కూతురు.

కొడుకు మెల్లగా చెప్పాడు. "పొర గట్టిపడే చికిత్స ఉంది. ఉన్న చూపు నిలుస్తుంది. పోయింది రాదు. ముందు పెద్ద డాక్టరుకి నిజం తెలియాలి."

"నేనే చెప్తాను," అన్నాడు తండ్రి. "నా నోటితోనే."

ఆయన చెయ్యి అందించబోతే కూతురు విదిలించుకుంది. అన్న భుజం పట్టుకుని మేడ దిగసాగింది. తండ్రి వెనకే దిగాడు. కుడికంటికి ఒక్కో మెట్టుకూ మూడేసి అంచులు. సగంలో కాలు తడబడి ఆగిపోయింది. కాసేపటికి, వెనక్కి తిరగకుండానే, ఖాళీగా ఉన్న చేతిని వెనక్కి చాచింది.

"ఇంకెన్ని మెట్లున్నాయి నాన్నా? ఉన్నవి ఉన్నట్టు చెప్పు."

రోజూ ఎక్కి దిగే మెట్లే. అయినా నీళ్ళు నిండిన కళ్ళు తుడుచుకుని, వంగి, వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి ఆ చేతిని పట్టుకున్నాడు.

"ఆరు, తల్లీ."

ఆమె కాలు ముందుకు వేసింది.